మునిగిన కంపెనీకి బాకీ ఎగ్గొట్టడం ఎలా?

మీకు సరుకు అరువిచ్చిన కంపెనీ దివాలా తీసిందా? కొనేవాడు దొరక్క జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) దాన్ని లిక్విడేషన్‌కు పంపిందా? ఇంకేం, మీ పంట పండింది. ఇచ్చినవాడే మునిగాక అప్పేమిటి? ఈ కింది మార్గాలు శ్రద్ధగా పాటించండి.

ముందు ఆ కంపెనీ ఆస్తులు అమ్మి, బాకీలు వసూలు చేసే లిక్విడేటర్ నుంచి స్పీడ్ పోస్టు వస్తుంది. తీసుకోకండి. పోస్ట్‌మ్యాన్‌తో ‘తలుపు తాళం’ అని రాయించి తిప్పి పంపండి. అదే ఉత్తరం ఈమెయిల్‌లోనూ వచ్చి కూర్చుంటుంది గానీ, దాన్ని చూడకుండా ఉండటం మనకు కొత్తా?

తర్వాత ఆయన ఆఫీసు నుంచి ఓ కుర్రాడు ఫోన్ చేస్తాడు.

“మీ ఎండీ గారు మాకు ఎప్పుడో మాఫీ చేశారు బాబూ.”

“కాగితం ఏమైనా ఉందాండీ?”

“పెద్దమనుషుల మధ్య కాగితాలేంటయ్యా!”

ఈ సంభాషణ బట్టీ పట్టండి. కోర్టులో పనికిరాదు గానీ ఫోన్ పెట్టేయడానికి పనికొస్తుంది.

అప్పటికీ వదలకపోతే సరుకు నాసిరకమనండి. దింపుకుని, అమ్ముకుని, లాభం లెక్కేసుకున్న సరుకే అయినా సరే, పాత తేదీ వేసి డెబిట్ నోటు రాయండి. గుండె ధైర్యం ఉంటే అసలు సరుకే అందలేదనండి. ఇక్కడ చిన్న చిక్కుంది. ఆ బిల్లు మీద మీరు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ వాడుకునే ఉంటారు. సరుకు అందితేనే ఆ క్రెడిట్. అందిందని ఒప్పుకున్నా, 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే దాన్ని వడ్డీతో వెనక్కి కట్టాలి. అంటే అందలేదంటే జీఎస్టీ వాళ్లకు దొరికారు, అందిందంటే లిక్విడేటర్‌కు దొరికారు. ఎవరి ఆఫీసు మీకు దగ్గరో చూసుకోండి.

అన్నిటికన్నా ఉత్తమం, బాకీకి కాలదోషం పట్టించడం. మూడేళ్లు నెట్టుకొస్తే చాలు. కాకపోతే ఆడిటర్ అడిగాడని ఆ మధ్య బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మీద సంతకం పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి. గడువులోగా పెట్టిన సంతకమైతే, ఆ రోజు నుంచి మూడేళ్లు మళ్లీ మొదలు. దివాలా కేసులో మారటోరియం నడిచిన కాలాన్ని కూడా లెక్కలోంచి తీసేస్తారు.

నిజానికి పనిచేసే ఉపాయం ఒక్కటే, ఓపిక. లిక్విడేషన్ ఏడాదిలో ముగించాలన్నది నిబంధన. దావా వేయాలంటే లిక్విడేటర్ ముందు ఎన్‌సీఎల్‌టీ అనుమతి తెచ్చుకోవాలి. లాయరు ఫీజుకు ఖజానాలో డబ్బుండదు, లెక్కలు తెలిసిన అకౌంటెంట్ ఎప్పుడో వేరే ఉద్యోగం చూసుకుని ఉంటాడు. ఇదంతా మీకు కలిసొచ్చేదే. అయితే వసూలు కాని బాకీలను లిక్విడేటర్ ఇంకొకరికి అమ్మేయడానికి 2020 నుంచి వీలుంది. కొన్నవాడికి ఏడాది గడువూ ఉండదు, మొహమాటమూ ఉండదు.

ఆ కంపెనీ నుంచి మీకే ఎదురు బిల్లు రావాల్సి ఉంటే ఈ తిప్పలేవీ అక్కర్లేదు. రుజువు చూపిస్తే చెల్లుకు చెల్లు వేసి మిగతాదే అడుగుతారు. నిజమైన బిల్లుండాలి, అంతే.

ఇంతకీ మీరు ఎగ్గొట్టేది ఎవరి సొమ్మో కూడా చెప్పాలి. వసూలైన డబ్బులో లిక్విడేషన్ ఖర్చులు పోగానే, తాకట్టు వదులుకున్న బ్యాంకులతో సమానంగా వాటా దక్కేది ఆ ఫ్యాక్టరీ కార్మికులకు. లిక్విడేషన్‌కు ముందు 24 నెలల బకాయిలు వాళ్లవి.