పుట్టింటి డ్రైవరు

ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్పుది అచ్చం కోడలి బతుకు. పుట్టేది ఒక ఇంట్లో. ఇంటెల్, ఎన్‌విడియా, ఏఎండీ అని పేరున్న ఇళ్ళు ముఖ్యంగా మూడు. మెట్టేది ఇంకో ఇంట్లో. డెస్క్‌టాప్‌లో పడ్డ చిప్పుది వేరు కాపురం. ఎప్పుడు కావాలంటే అప్పుడు పుట్టింటికెళ్ళి తనని నడిపించే సాఫ్ట్‌వేరు, అంటే కొత్త డ్రైవరు, తెచ్చుకుంటుంది, అడిగేవాళ్ళు లేరు. ల్యాప్‌టాప్ చిప్పుది ఉమ్మడి సంసారం. తెర, కీబోర్డు, ఫ్యాను, బ్యాటరీ అందరూ ఒకే కప్పు కింద. ఏం కావాలన్నా అత్తగారి చేతి మీదుగానే రావాలి. అత్తగారంటే ల్యాప్‌టాప్ కంపెనీ.

కొత్త కోడలున్నప్పుడు అత్తగారి ముచ్చట చూడాలి. బయోస్ అప్‌డేట్ అంటారు, గ్రాఫిక్స్ అప్‌డేట్ అంటారు, మూలన చిన్న గంట మోగించి మరీ పిలుస్తారు. ఈలోగా కొత్త మోడల్ గుమ్మంలో అడుగు పెడుతుంది. అంతే, పాత కోడలి పేరెత్తేవాళ్ళుండరు. మా ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ కంపెనీవాళ్ళ సైట్లో నా మోడల్ పేజీ తెరిస్తే గ్రాఫిక్స్ డ్రైవరు తేదీ 2019 దగ్గర నిలబడిపోయి ఉంది. విండోస్ మారింది, బ్రౌజర్ మారింది, డ్రైవరు మాత్రం కదల్లేదు. వీడియో పెడితే చాలు, తెరంతా ఆకుపచ్చ చారలు. ఒకరోజు ‘మాయాబజార్’ పెట్టాను. మా ఆవిడ కాసేపు చూసి, “రంగులు వేశారని విన్నాను గానీ, ఒక్క ఆకుపచ్చేనా వేసింది?” అంది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. సంగీతం అయ్యాక ఓ అమ్మాయి పలికింది.

“మీ మోడల్‌కి అదే లేటెస్ట్ డ్రైవర్ సర్.”

“అది 2019ది కదమ్మా.”

“అవును సర్. మాకు అదే లేటెస్ట్ సర్.”

“చిప్పు చేసినవాళ్ళు మొన్ననే కొత్తది వదిలారు. అది వేసుకోవచ్చా?”

“వేసుకోవచ్చు సర్. కానీ వేసుకోకూడదు సర్.”

ఇంత స్పష్టంగా చెప్పాక ఇంకేం అడుగుతాం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి పట్టుకెళ్ళాను. అక్కడి కుర్రాడు మూత కూడా తెరవకుండా “ఫార్మాట్ కొట్టేద్దాం సార్” అన్నాడు. అక్కడ ఏ రోగానికైనా మొదట వినిపించే మాట అదే. హింజ్ విరిగిందన్నా ముందు ఫార్మాట్ కొట్టి, తర్వాత హింజ్ సంగతి చూస్తారని నా అనుమానం. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చేశాను. ఇక అత్తగారితో మాటల్లేవు, నేరుగా పుట్టింటికే వెళ్దామని నిశ్చయించుకున్నాను.

వెళ్ళడానికి ముందు ఇంటిపేర్లు తెలియాలి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ నొక్కి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకుంటే చిప్పు తన ప్రవర మొత్తం చెప్పుకుంటుంది. ‘వెన్’ పక్కనున్న నాలుగక్షరాలు పుట్టింటివి. 8086 అని ఉంటే ఇంటెల్. 1978లో వాళ్ళు చేసిన ప్రాసెసర్ నంబరే ఇక్కడ ఇంటిపేరై కూర్చుంది. 10డీఈ అయితే ఎన్‌విడియా. 1002 అయితే ఏఎండీ, అది ఏటీఐ అనే కంపెనీని కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన పేరు. ‘డెవ్’ పక్కన ఉన్నది చిప్పు సొంత పేరు. చివర్లో ‘సబ్‌సిస్’ అని ఎనిమిదక్షరాలు ఉంటాయి, అందులో ఆఖరి నాలుగూ మెట్టినింటివి. 1028 డెల్, 103సీ హెచ్‌పీ, 17ఏఏ లెనోవో, 1043 ఆసుస్. ఈ నంబర్లు నోటికొచ్చాక మా ఇంట్లో నా గౌరవం పెరిగిందని చెప్పలేను గానీ, నా దగ్గర కూర్చోవడం తగ్గింది.

ప్రతి డ్రైవరుతోనూ ఐఎన్ఎఫ్ అనే ఫైలు వస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. ఈ సారె ఎవరెవరికి అందాలో పేర్లన్నీ అందులో రాసి ఉంటాయి. మన చిప్పు ప్రవర ఆ జాబితాలో లేకపోతే ఇన్‌స్టాలర్ గుమ్మంలోనే నిలబెట్టేస్తుంది. చాలాకాలం ల్యాప్‌టాప్ చిప్పుల పేర్లు కావాలనే ఆ జాబితాలో రాసేవారు కాదు. అత్తవారితో వ్యవహారం చెడుతుందని పుట్టింటివాళ్ళ భయం. ఎన్‌విడియా 2008 చివర్లో గానీ ల్యాప్‌టాప్ డ్రైవర్లను తన సైట్లో నేరుగా ఇవ్వడం మొదలుపెట్టలేదు. ఇంటెల్ ఇంకా మర్యాదస్తురాలు. ఇది మీ కంప్యూటర్‌కి సరిచూసిన డ్రైవరు కాదు, మీ తయారీదారుణ్ణే అడగండి అని చెప్పి తలుపేసేది. కన్నకూతురు వచ్చి నిలబడితే మీ అత్తగారి దగ్గర చీటీ పట్టుకురా అన్నట్టు. ఆ తలుపు 2020 ఏప్రిల్‌లో తెరుచుకుంది.

అన్నాళ్ళూ జనం ఊరుకున్నారా? లేదు. ఐఎన్ఎఫ్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి తమ చిప్పు పేరు తామే రాసేసుకున్నారు. దానికీ ఓ అడ్డు వచ్చింది. 64 బిట్ విస్టా నుంచి ఇలాంటి డ్రైవర్లకి డిజిటల్ సంతకం ఉండాలన్నారు. ఐఎన్ఎఫ్‌లో ఒక్క కామా మారినా పక్కనున్న క్యాట్ ఫైల్లో లెక్క తప్పి సంతకం చెల్లదు. విండోస్ 8, 10లలో దానికీ దారుంది. స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఏడో నంబరు నొక్కితే ఆ ఒక్కసారికి సంతకం అడక్కుండా వదిలేస్తుంది. కాపలావాడు కళ్ళు మూసుకునే సమయం కూడా మెనూలో పెట్టిన వ్యవస్థ ఇదొక్కటే అనుకుంటాను. ఊరూ పేరూ తెలియనివాళ్ళు దిద్దిన ఐఎన్ఎఫ్‌ని మాత్రం నేను ముట్టుకోను. కెర్నెల్‌లోకి వెళ్ళేదాన్ని ముక్కూమొహం తెలియనివాడి మాట మీద ఎలా రానిస్తాం?

నాకు ఆ అవసరం రాలేదు. చిప్పు పేరు కొత్త జాబితాలో ఉంది. ఛార్జర్ పెట్టి, రిస్టోర్ పాయింట్ చేసి, వైఫై ఆపి పనిలో దిగాను. డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్, ఆపైన నా కంప్యూటర్‌లోనే వెతుకుతాను, ఆపైన జాబితాలోంచి నేనే ఎంచుకుంటాను అనుకుంటూ పోతే చివర్లో ‘హ్యావ్ డిస్క్’ అనే బటన్ వస్తుంది. అది నొక్కితే, తయారీదారు ఇచ్చిన డిస్క్ పెట్టి సరైన డ్రైవ్ ఎంచుకోండి అంటూ ‘ఏ’ డ్రైవ్ చూపిస్తుంది. ‘ఏ’ అంటే ఫ్లాపీ. వందల మెగాబైట్ల గ్రాఫిక్స్ డ్రైవరు 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఉంటుందని ఆ కిటికీ ఈనాటికీ నమ్ముతోంది. ఫ్లాపీ చూడని పిల్లలు ఇంజనీరింగ్ పూర్తి చేసి ఉద్యోగాలు కూడా మారుతున్నారు.

తేదీల సంగతి ఇంకా విచిత్రం. మీ కంప్యూటర్‌లో విండోస్‌తో పాటు వచ్చిన డ్రైవర్ల తేదీ చూడండి, దాదాపు అన్నిటికీ 2006 జూన్ 21 అని ఉంటుంది. ఇంటెల్ చిప్‌సెట్ డ్రైవర్లకైతే ఏకంగా 1968 జూలై 18. అప్పటికింకా మనిషి చంద్రుడి మీద కాలు పెట్టలేదు. అది ఇంటెల్ కంపెనీ పుట్టినరోజు. పొరపాటు కాదు, కావాలనే వేసినవి. తేదీ ఎంత పాతదైతే ఆ డ్రైవరు అంత వెనక వరసలో కూర్చుంటుంది. అత్తగారి డ్రైవరు ఏ సంవత్సరానిదైనా ముందు వరసలోకి రావాలని ఈ ఏర్పాటు. అసలు విండోస్ డ్రైవరుని ఎంచుకునేటప్పుడు సంతకం చూశాక అడిగేది పేరు ఎంత దగ్గరగా కలిసిందని. తేదీ ఆ తర్వాత. పుట్టింటి పేరూ చిప్పు పేరూ మాత్రమే రాసిన నిన్నటి డ్రైవరు కన్నా, మెట్టినింటి నాలుగంకెలతో సహా రాసిన ఐదేళ్ళ కిందటి డ్రైవరే దాని కంటికి ఆనుతుంది. చాలామందికి చేత్తో వేసుకున్న కొత్త డ్రైవరు కొన్నాళ్ళకి మాయమై, విండోస్ అప్‌డేట్ తెచ్చిన పాతదే కొలువుదీరడానికి కారణం ఇదే. నెలనెలా విండోస్ భద్రతా అప్‌డేట్లు అమెరికాలో రెండో మంగళవారం వస్తాయి. మనకప్పుడు మంగళవారం రాత్రి. మంగళవారం ఏ పనీ మొదలుపెట్టని మా అమ్మకి ఇది చెబితే “చూశావా” అంది.

నా ఇన్‌స్టలేషన్ మాత్రం సాఫీగా సాగింది. మధ్యలో తెర నల్లబడింది. అది మామూలే. ఆ కాసేపు చేతులు కట్టుకుని కూర్చోవాలి, ఏదీ నొక్కకూడదు. తర్వాత తెర వెలిగింది, చారలు పోయాయి, మాయాబజార్‌లో శశిరేఖ మొహం మొహంలా కనిపించింది.

కానీ వెలుతురు తగ్గించే మీటలు పనిచెయ్యడం మానేశాయి.

ఇక్కడ అత్తగారి తరఫున ఒక మాట చెప్పాలి. ఆవిడ ఊరికే పెత్తనం చెయ్యదు. తెర వెలుతురు, మూత మూస్తే నిద్రపోవడం, ఫంక్షన్ మీటలు, వేడెక్కితే వేగం తగ్గించడం లాంటివి చాలావరకూ ఆ ఇంటి లెక్కల ప్రకారం నడుస్తాయి. 2010 ప్రాంతంలో రెండేసి చిప్పులతో వచ్చిన ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో ఇద్దరి డ్రైవర్లూ కలిపి ఒకే మూటగా ఇచ్చేవారు. ఒకరిది మారిస్తే ఇద్దరూ అలిగేవారు. అందుకే నేను అత్తగారి హాట్‌కీ సాఫ్ట్‌వేర్‌ని మళ్ళీ వేశాను, మీటలు తిరిగొచ్చాయి. పాత డ్రైవరు దించుకున్న ఫైలు కూడా పారెయ్యలేదు. కొత్తది మొరాయిస్తే వెనక్కి వెళ్ళడానికి ‘రోల్ బ్యాక్’ ఉంది. అదీ కుదరకపోతే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ఉచిత పరికరంతో మొత్తం తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

నేను మాత్రం గుమ్మం ఎక్కనివ్వకూడదనేది ‘డ్రైవర్ అప్‌డేటర్’ అని తిరిగే దళారులను. దించుకోగానే మీ కంప్యూటర్‌లో ఇన్ని డ్రైవర్లు పాతబడ్డాయి అంటూ ఎర్రటి అంకెలతో కేకలు పెడతాయి, డబ్బు కట్టమంటాయి. 1968 నాటి తేదీ చూస్తే వాటికి పండగే.

లినక్స్ వైపు కథ వేరు, అక్కడ పేచీ పుట్టింటితోనే. ఎన్‌విడియా సహకరించడం లేదని లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో కెమెరా వైపు తిరిగి మధ్యవేలు చూపించాడు. ఆ కంపెనీ కెర్నెల్ భాగాల సోర్సు బయటపెట్టింది 2022లో. వేలికీ సోర్సుకీ సంబంధముందని నేననను.

నా విజయం మా ఆవిడ ద్వారా చుట్టాలందరికీ చేరింది. తణుకు నుంచి బాబాయి ఫోన్.

“ఏరా, మా ల్యాప్‌టాప్‌కి కూడా అదేదో వెయ్యాలటగా.”

“ఏం ఇబ్బందుంది బాబాయ్?”

“ఏం లేదు. వెయ్యాలన్నారని.”

“ఏ కంపెనీది?”

“నల్లది.”

ప్రవర చదివించాను. ఒక్కో అక్షరం ఫోన్లో ఒప్పజెప్పించుకుని, అవసరం లేదు బాబాయ్ అని చెప్పినా వినకపోతే, సరైన డ్రైవరు దింపించి మొదలుపెట్టించాను.

“ఒరేయ్, తెర నల్లగా అయిపోయింది.”

“అది మామూలే. ఏదీ ముట్టుకోకు. రెండు నిమిషాలాగు.”

“ఎందుకాగడం? పవర్ బటన్ నొక్కేశాను.”

నా గుండె ఆగింది. మళ్ళీ ఆన్ చెయ్యమన్నాను. డ్రైవరు సగంలో పోతే విండోస్ తన దగ్గరున్న బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్‌తో నెట్టుకొస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లలో అయితే తెర 1024 బై 768కి దిగి, బొమ్మలూ అక్షరాలూ బండగా ఉబ్బిపోతాయి. ఆ సంగతి మెల్లగా చెప్పి, సాయంత్రం నేను దూరం నుంచే సరిచేస్తానని ఓదార్చబోయాను.

“సరిచెయ్యడమేంట్రా? ఇన్నాళ్ళకి కళ్ళజోడు లేకుండా పేపరు చదువుతున్నాను. ఇలాగే ఉండనీ, నువ్వు దీని జోలికి రాకు. మీ పిన్నిదాన్నీ ఇలాగే చేసిపెట్టు.”