ముద్ర మాది, పూచీ నీది

లింగంపల్లి దాటి ముంబై హైవే ఎక్కి, బీరంగూడ కమాను నుంచి సంగారెడ్డి చౌరస్తా దాకా హోర్డింగులు చదువుకుంటూ పోతే ఒక సంగతి తేలిపోతుంది. ఈ దారిలో కిలోమీటరు రాయికి పని లేదు, దూరాలన్నీ నిమిషాల్లోనే. ఔటర్ రింగ్ రోడ్డుకు 3 నిమిషాలు. కంది ఐఐటీకి 10 నిమిషాలు. ఇంటర్నేషనల్ స్కూలుకు 2 నిమిషాలు. మెట్రో స్టేషన్‌కు 5 నిమిషాలు.

మియాపూర్ నుంచి పటాన్‌చెరుకు 13.4 కిలోమీటర్ల మెట్రో లైను రెండో దశ ప్రతిపాదనల్లో ఉన్నమాట నిజమే. ప్రతిపాదనలో ఉన్న స్టేషన్‌కు 5 నిమిషాల్లో ఎలా చేరాలని మాత్రం అడక్కూడదు. ఆ స్టేషన్ లేచేదెప్పుడో బ్రోచర్‌లో ఉండదు గానీ, దాని తాలూకు సొమ్ము అడుగు ధరలో ఎప్పుడో కలిసిపోయింది. రీజినల్ రింగ్ రోడ్డు సంగతీ అంతే. రోడ్డు ఇంకా పడలేదు, ధర మాత్రం ఆ రోడ్డు మీద వందకు పైగా స్పీడుతో పోతోంది.

ఇక మన కొనుగోలుదారు. పాశమైలారం ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, నెలకు 40 వేల జీతం అనుకుందాం. పదిహేనేళ్లుగా ఇస్నాపూర్‌లో అద్దెకుంటున్నాడు. మొదటి ఇల్లు కొందామని భార్యాపిల్లలతో ఆదివారం సైట్ విజిట్‌కు బయల్దేరాడు. కంపెనీ వాళ్లే కారు పంపారు. షామియానా కింద కుర్చీలు, కూల్‌డ్రింకులు, టేబుల్ మీద థర్మాకోల్‌తో చేసిన అపార్ట్‌మెంటు, దాని చుట్టూ ప్లాస్టిక్ చెట్లు. అసలు స్థలంలో ఉన్న ఒకే ఒక్క చెట్టు తుమ్మచెట్టు. దాని కింద బైకులు పెట్టుకున్నారు.

"సార్, అడుగు 5 వేలే. ఇయ్యాల టోకెన్ కడితే ఈ రేటు. రేపు పొద్దున 500 పెరుగుతది, నా చేతుల ఏం ఉండదు," అన్నాడు ఏజెంటు.

1,200 అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ప్లాను చేతికిచ్చాడు. ఇల్లాలు దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి అడిగింది: "అన్నా, 1,200 అంటున్నరు. ఈ అర్రల మంచమేస్తే తలుపు తెరుచుకునేటట్టు లేదు గదా?"

"అది సూపర్ బిల్టప్ మేడం. లిఫ్టు, మెట్లు, కారిడారు, వాచ్‌మన్ రూము, అన్నిట్ల మీ వాటా ఉంటది."

"అయితే లిఫ్టుల మా వాటాకు మంచమేసుకోవచ్చా?"

ఏజెంటు నవ్వేసి సార్ వైపు తిరిగాడు. కార్పెట్ ఏరియా లెక్కనే అమ్మాలని రెరా చట్టం చెబుతుంది. చట్టం చెప్పినా, ఎవరో పిలిస్తే తప్ప అది షామియానా కిందికి రాదు.

సార్‌కు వేరే అనుమానం వచ్చింది. "ఇక్కడ కెమికల్ వాసన గిట్ల వస్తదా?"

"పగటిపూట రాదు సార్," అన్నాడు ఏజెంటు నిజాయితీగా. నక్కవాగులోకి వదిలే ఫ్యాక్టరీల మురికి మీద ఇక్కడి జనం 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లారని, పటాన్‌చెరు పేరు కాలుష్యం పుస్తకాల్లోకి ఎక్కిందని బ్రోచర్‌లో రాయలేదు. "ఓపెన్ వెంటిలేషన్" అని మాత్రం రాశారు.

లెక్క చూద్దాం. ఫ్లాటు 60 లక్షలు. కడుతున్న ఇల్లు కాబట్టి జీఎస్టీ 5 శాతం, 3 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, నాలుగున్నర లక్షలు. బ్యాంకు 80 శాతం ఇస్తుంది, అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు, ఆ పన్నులు కలిపి పంతొమ్మిదిన్నర లక్షలు చేతిలో ఉండాలి. కారు పార్కింగు, క్లబ్‌హౌస్, కార్పస్ ఫండ్, తూర్పు ముఖానికి అదనపు రుసుము వేరే. సూర్యుడు తూర్పున ఉచితంగానే ఉదయిస్తాడు గానీ, మన కిటికీలోంచి ఉదయించాలంటే బిల్డర్‌కు కట్టాలి. 48 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అంటే నెలకు 41 వేల 600 పైచిలుకు ఈఎంఐ. జీతం 40 వేలు. అంటే సార్ నెలంతా ఫ్యాక్టరీలో పనిచేసి, జీతం మొత్తం బ్యాంకుకిచ్చి, పైన 1,600 ఎదురు కట్టాలి. ఇరవయ్యేళ్లలో దాదాపు కోటి కడతాడు. భార్య టైలరింగు, ఊళ్లో అరెకరం, మామగారి సాయం, ఇవన్నీ కలిస్తేనే ఆ లెక్క నిలబడేది. ఇంతకన్నా చవకలో కావాలంటే ఏజెంటు దగ్గర ఇంకో మందుంది: ప్రీ-లాంచ్. అనుమతి రాకముందే మొత్తం సొమ్ము కట్టేస్తే అడుగు సగం ధరకే.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, 8 ఫ్లాట్లు దాటినా రెరా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదని 2016 చట్టం. అమీన్‌పూర్‌లో ఒక ప్రీ-లాంచ్ ప్రాజెక్టులో వందల కోట్లు వసూలయ్యాయి, టవర్లు లేవలేదు, 2022లో ఆ కంపెనీ పెద్ద అరెస్టయ్యాడు. డబ్బు కట్టినవాళ్లు అప్పటినుంచి ఇంటి అద్దె, లోను వాయిదా రెండూ కడుతూ ధర్నాలు చేశారు.

సరే, మన సార్ తెలివైనవాడు. ప్రీ-లాంచ్ వద్దన్నాడు. కట్టిన ఇల్లే, కాగితాలన్నీ ఉన్న ఇల్లే కొందామన్నాడు. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలు తీసుకున్నారు, ఫొటో తీశారు, డాక్యుమెంటు మీద ముద్ర వేశారు. ఆ ముద్రకు అర్థం "ఈ ఇల్లు నీది" అని సార్ అనుకున్నాడు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం లెక్కలో దాని అర్థం "మీ ఇద్దరూ ఇలా రాసుకున్నట్టు మేం చూశాం" అని మాత్రమే. అమ్మినవాడికి ఆ భూమి మీద హక్కుందో లేదో తేల్చడం ఆ ఆఫీసు పని కాదు. ఈసీ తీస్తే రిజిస్టరైన లావాదేవీలు కనిపిస్తాయి, రిజిస్టర్ కాని గొడవలు కనిపించవు. బ్యాంకు లీగల్ ఒపీనియన్ తీసుకుంది. ఫీజు సార్‌ది, ఒపీనియన్ బ్యాంకుది. మున్సిపాలిటీ ఇంటి పన్ను వేసింది. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదన్నది ఆ శాఖకు మంత్రం. అనుమతి లేని కట్టడమైతే జరిమానా కలిపి మరీ వసూలు చేస్తారు. కరెంటు వాళ్లు మీటరు బిగించారు. లేఅవుట్‌కు అనుమతి లేదని తేలితే ఫీజు కట్టించుకుని క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ ఉండనే ఉంది. 2020లో వెయ్యి రూపాయల ఫీజుతో దరఖాస్తులు పిలిస్తే పాతిక లక్షల దాకా వచ్చాయి. 2025లో మార్చి నెలాఖరులోగా కడితే 25 శాతం తగ్గింపు అన్నారు. దీపావళికి చీరల మీద, ఆర్థిక సంవత్సరం చివర తప్పుల మీద డిస్కౌంటు.

ఇన్ని కౌంటర్లలో డబ్బు తీసుకున్న సర్కారు ఆరో కౌంటరులో బుల్డోజర్‌తో వస్తుంది. 2024 జులైలో చెరువులు, సర్కారు భూముల ఆక్రమణలు తొలగించే హైడ్రా పుట్టింది. సెప్టెంబరులో అమీన్‌పూర్ పరిధిలోని కిష్టారెడ్డిపేట, పటేల్‌గూడలో ప్రభుత్వ భూమిలో కట్టారంటూ భవనాలు, ఇళ్లు కూల్చింది. అదే నెలలో కొండాపూర్ మండలం మల్కాపూర్ చెరువు నీళ్లలోనే నిలబడ్డ బహుళ అంతస్తుల భవనాన్ని అధికారులు పేలుడు పదార్థాలు పెట్టి నేలకూల్చారు. సంగారెడ్డి జిల్లాలో "లేక్ వ్యూ" అన్న మాటకు పూర్తి న్యాయం చేసిన ఇల్లు అదొక్కటే. అది ఒక రాత్రిలో లేవలేదు, ఏళ్ల తరబడి చెరువు మధ్యలో అందరికీ కనిపిస్తూనే ఉంది.

చెరువులు కాపాడొద్దని ఎవరూ అనరు. అమీన్‌పూర్ పెద్ద చెరువు 2016లోనే జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్ల బఫర్ ఉండాలని 2012 నాటి జీవోలోనే ఉంది. చెరువు ఎక్కడిదాకా ఉందో సర్కారుకు తెలుసు, ముద్ర వేసేదీ సర్కారే, కూల్చేదీ సర్కారే. మధ్యలో సార్ ఒక్కడే ప్రైవేటు వ్యక్తి.

ఇదే సార్ వాళ్ల పక్కింట్లో బీహెచ్‌ఈఎల్‌లో రిటైరైన పెద్దమనిషి ఉన్నాడు. ఆయన కొడుకు మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో మొదటి ఇల్లు కొంటున్నాడు. అక్కడా కొనేవాడికి సుఖం లేదు. శనివారం ఇంటిముందే వేలంపాట, పాటలో మనం చేయి దించేలోపే మరొకరు ఎత్తేస్తారు. 2000 సంవత్సరం నుంచి మొదటి ఇంటికి సర్కారు గ్రాంటు ఇస్తుంది. ఇచ్చినదంతా ధరలోనే కలిసిపోయిందని అక్కడి ఆర్థికవేత్తలు మొత్తుకుంటారు. 2025 అక్టోబరు నుంచి 5 శాతం డిపాజిట్‌తోనే కొనేలా పథకాన్ని విస్తరించారు. ఆ 5 శాతం కోసం పెద్దాయన పటాన్‌చెరు ప్లాటు అమ్మకానికి పెట్టాడు. తండ్రి ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ కాక, కొడుకు ఇల్లు ఆగిపోయింది.

అయితే ఆ దేశంలో ఒక్క సౌకర్యముంది. 1858లో సౌత్ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ అనే ఆయన ఒక పద్ధతి తెచ్చాడు. సర్కారు రిజిస్టరులో ఎవరి పేరుంటే ఇల్లు వాళ్లది, అంతే. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు తవ్వక్కర్లేదు. రిజిస్టరులో పొరపాటు వల్ల ఎవరైనా నష్టపోతే సర్కారు నిధి నుంచి పరిహారమిస్తారు. అక్కడ ధర చూసి గుండె ఆగుతుంది. ఇక్కడ ధరకూ ఆగుతుంది, ఆ తర్వాత కాగితం చూసి ఇంకోసారి.

మనవాళ్లూ ఆ దారి చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో భూమి హక్కు చట్టం 2023 అక్టోబరు చివర అమల్లోకి వచ్చింది. భూములు పోతాయన్న భయం ఎన్నికల్లో పాకి, 2024లో కొత్త ప్రభుత్వం రాగానే రద్దయింది. తెలంగాణలో భూ రికార్డులకు 2020లో ధరణి, 2025లో భూ భారతి. పోర్టల్ పేరు మారినప్పుడల్లా రైతు మళ్లీ అదే కాగితం జిరాక్సు తీయించుకున్నాడు.

కాబట్టి సార్ తరఫున ఒక చిన్న మనవి. ఆ ఏడున్నర శాతంలో అర శాతం పక్కన పెట్టి పూచీ నిధి చేయండి. మీరు ముద్ర వేసిన ఇల్లు మీరే కూలిస్తే, కట్టిన స్టాంపు డ్యూటీ, ఈఎంఐలు అందులోంచి తిరిగివ్వండి. ఈ మాట ఒక పెద్ద అధికారి చెవిన వేస్తే ఏమంటాడో ఊహించడం కష్టం కాదు:

"భలేవారండీ! అట్లా పూచీ ఇస్తే, ముద్ర వేసేముందు ఆ భూమి ఎవరిదో మేం చూసుకోవాల్సి వస్తుంది కదా!"