కందిపోయే రంగు

మొటిమలకని నెల్లూరు చర్మ డాక్టరమ్మ మా పిన్ని కూతురికి ట్రెటినాయిన్ 0.025 శాతం క్రీము రాసిచ్చింది. విటమిన్ ఎ జాతి మందు. దాంతోపాటు మానెయ్యమన్నవే ఎక్కువ: సున్నిపిండి, నిమ్మచెక్క, స్క్రబ్బు, ఆవిరి పట్టడం. రాత్రి మొహం కడిగి, తడి పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని మొహమంతా పలచగా పట్టించాలి. మొదట్లో రెండు రోజులకోసారి చాలు, ముందూ తర్వాతా మాయిశ్చరైజరు. పొద్దున సన్‌స్క్రీన్ తప్పదు. పొలుసులు లేస్తాయి, మొటిమలు ముందు పెరిగినట్టు కనిపిస్తాయి, గుణం తెలియాలంటే 12 వారాలైనా ఆగాలి అని మరీమరీ చెప్పింది.

పిల్ల చదివేది ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో. రొయ్యల గుంటల గట్ల మీద, ఎండలో, ఉప్పుగాలిలో నీళ్ల శాంపిళ్లు పట్టే చదువు. అయినా టోపీ, చున్నీ, సన్‌స్క్రీన్ ఏదీ తప్పలేదు. ఓర్పున్న పిల్ల. ముక్కు పక్కల పొలుసు లేచినా నోరెత్తలేదు.

ఓర్వలేనిది పిన్నే. "ఏందిమే ఇది, మందా మంటా? నా మొహం జూడు, ఒక్క మొటిమ ఉండాదా?" అనేది. పిన్ని రంగంటే మా ఇళ్లలో పేరు. బుగ్గలు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. ఎండలో నాలుగడుగులేస్తే కందిపోతుంది. పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఆ రంగు చూసి మురిసిపోయేవాళ్లు.

ట్యూబు అయిపోతే పిన్నే వెళ్లి కొత్తది తెచ్చింది. కొన్నాళ్లకే పొలుసు పోయింది, మంట పోయింది, ఒక చాయ తెలుపు కూడా వచ్చింది. మందు ఇప్పటికి పట్టిందని అందరం సంతోషించాం. తర్వాత పిల్ల ట్యూబు ఇంట్లో మరిచిపోయి కాలేజీ టూరుకెళ్లింది. తిరిగొచ్చేసరికి మొహమంతా ఎరుపు, మంట, మునుపటికి రెట్టింపు మొటిమలు.

డాక్టరమ్మ ట్యూబును వెలుతురులో పెట్టి చదివింది. "ట్రెటినాయిన్ ఇందులోనూ ఉంది. కానీ పక్కన హైడ్రోక్వినోన్, మొమెటాసోన్ ఉన్నాయి. మంగు మచ్చలకు కొద్దివారాలు మా కళ్లముందు వాడించే మందిది. మొమెటాసోన్ స్టెరాయిడ్. మంటను అణిచి మొహం నున్నగా చూపిస్తుంది, లోపల చర్మాన్ని పలచన చేస్తుంది. ఆపితే తిరగబడుతుంది. చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఎవరిచ్చారు?"

"నేనే అడిగి తెచ్చానండీ," అంది పిన్ని. "మొటిమలు పోయేదీ తెల్లబడేదీ ఒకే ట్యూబులో ఉందని షాపతను చెప్పాడు. సంబంధాలు చూస్తా ఉండాం గదా."

డాక్టరమ్మ కోప్పడలేదు. పిల్ల మొహం మీదున్న లైటు మెల్లగా పిన్ని వైపు తిప్పింది. ఆ ఎర్రటి బుగ్గల్లో సన్నటి రక్తనాళాలు దారాల్లా బయటికే కనబడుతున్నాయి.

"మీరెన్నాళ్లనుంచి స్టెరాయిడ్ రాస్తున్నారమ్మా?"

పిన్ని తెల్లబోయింది. "నేనా? నేను ఏ మందూ రాయనండీ. పౌడరు కింద మామూలు క్రీము, అంతే. పెళ్లిచూపులప్పుడు మా అమ్మ తెచ్చిచ్చింది. అప్పట్నుంచీ అదే."