తెర ముందు కదలని పండితులు

ఆన్‌లైన్ కోర్సుల ప్రకటనల్లో ఈమధ్య ఒక వాగ్దానం తప్పనిసరైంది: 'అర్థవంతమైన మూల్యాంకనం మా ప్రత్యేకత'. నమ్మి డబ్బు కట్టి చేరితే వారం చివర పది ప్రశ్నలొస్తాయి. ఒక్కోదానికి నాలుగు జవాబులు. నాలుగింట్లో ఒకటి మిగతావాటికంటే రెండింతలు పొడుగు. అదే సరైనదని ఏడో తరగతి పిల్లవాడు కూడా చెప్పేస్తాడు. పొడుగుది లేకపోతే 'పైవన్నీ' ఉంటుంది. అదీ లేకపోతే కంగారు పడనక్కర్లేదు, 'మళ్ళీ ప్రయత్నించండి' అనే బటన్ ఉంటుంది. తప్పు నొక్కినవాడికి సరైనదేదో చెప్పి మరీ వెనక్కి పంపుతారు. రెండో విడతలో నూటికి నూరు. రంగుల సర్టిఫికెట్ వస్తుంది, లింక్డ్‌ఇన్‌లో అభినందనలు వెల్లువెత్తుతాయి. ఈ ఔదార్యం చూస్తే కర్ణుడు సిగ్గుపడి దానాలు మానేసేవాడు.

ఈ తంతు ఎక్కడ జరిగినా నవ్వొస్తుంది, జంషెడ్‌పూర్‌లో జరిగితే మరీ వస్తుంది. పనివాణ్ణి పరీక్షించడమంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 1912లో ఇక్కడ ఉక్కు పోత మొదలైంది. 1921కల్లా టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు; ఇప్పుడు అది షావక్ నానావతి పేరు మీద నడుస్తోంది. 1949లో మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, 1960లో నేటి ఎన్‌ఐటీ వచ్చాయి. ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు కంపెనీ పనికొచ్చి, బిష్టుపూర్‌లో రామమందిరం కట్టుకుని, కదమా క్వార్టర్లలో స్థిరపడ్డ తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. తాత ఫర్నేసు దగ్గర చెమటోడ్చాడు, తండ్రి రోలింగ్ మిల్లులో షిఫ్టులు చేశాడు, మనవడు లాప్‌టాప్ ముందు కూర్చుని 'నెక్స్ట్' నొక్కుతున్నాడు.

ఏం నొక్కుతున్నాడో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. హెచ్‌ఆర్ కోర్సు. మొదటి ప్రశ్న: బోనస్ చెల్లింపు చట్టం ఏ సంవత్సరంలో వచ్చింది? 1965. వెతకడానికి మూడు సెకన్లు చాలు. 2019లో తెచ్చిన వేతనాల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంది గానీ, ప్రశ్నల బ్యాంకులో దానికి ఇంకా రిటైర్మెంటు రాలేదు. రెండో ప్రశ్న: కనీస బోనస్ ఎంత శాతం? 8.33. మూడో ప్రశ్న: యజమాని కట్టే పీఎఫ్ వాటాలోంచి పింఛను నిధికి పోయేది జీతంలో ఎంత శాతం? మళ్ళీ 8.33. అబ్బాయి రెండూ టకటకా నొక్కాడు. ఆ అంకె ఎక్కణ్ణుంచి ఊడిపడింది నాయనా అంటే 'మాడ్యూల్‌లో ఉందండీ' అంటాడు. వందను పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదేననీ, కనీస బోనస్ అంటే దాదాపు ఏడాదికొక నెల జీతమనీ వాడికి తెలియదు; తెలుసుకోవలసిన అవసరం ఏ ప్రశ్నా కల్పించలేదు. దుర్గాపూజ దగ్గర పడుతోందంటే బోనస్ ఒప్పందం మీద సంతకాలు ఎప్పుడవుతాయా అని ఇల్లిల్లూ ఎదురుచూసే ఊరిది. అలాంటి ఊళ్ళో బోనస్ గురించి అడగదగ్గది చట్టం పుట్టినరోజు ఒక్కటేనట!

ప్రశ్నలు ఇంత సుకుమారంగా ఉంటే కాపలా మాత్రం సెంట్రల్ జైలును తలదన్నేలా ఉంటుంది. పిల్లవాడి కళ్ళు తెర మీదనుంచి పక్కకు తిరిగితే కెమెరా పట్టేస్తుంది. మనిషన్నవాడు ఆలోచించేటప్పుడు పైకప్పుకేసి చూస్తాడు. ఇక్కడ ఆలోచిస్తే అనుమానితుడు. వెనక గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉందా, గదిలో రెండో మనిషి ఉన్నట్టే. ఏడుకొండలవాడి మీద మాల్‌ప్రాక్టీసు కేసు. వంటింట్లోంచి 'ఒరేయ్, కాఫీ చల్లారిపోతోందిరా' అని అమ్మ కేకేసిందా, బయటి సహాయం అందినట్టే. కరెంటు పోతే ఇక చెప్పనే అక్కర్లేదు. కంపెనీ కరెంటున్న కదమా పిల్లవాడు యోగ్యుడు, సర్కారు కరెంటు దయ మీద బతికే మానగో పిల్లవాడు అనుమానితుడు. ఇంతా చేసి ఈ పహరా అంతా దేన్ని కాపాడుతోందయ్యా అంటే, 1965 అనే రహస్యాన్ని.

ఈ నాలుగు జవాబుల విద్య నిన్న మొన్నటిది కాదు. 1914-15 ప్రాంతంలో అమెరికాలోని కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే ఆయన బడిపిల్లల పఠనం కొలవడానికి దీన్ని తెచ్చాడు. దిద్దేవాళ్ళకు సమయం కలిసిరావాలి, ఒకే జవాబుకు ఒక్కొక్కరు ఒక్కోలా మార్కులు వేయకూడదు అన్నది ఆయన ఆలోచన. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగాక లక్షలాది సైనికులను హడావుడిగా వడపోయడానికి ఆర్మీ ఆల్ఫా పరీక్షలో దీన్నే వాడారు. 1938లో ఐబీఎం పెన్సిల్ గుర్తులు చదివి మార్కులు వేసే యంత్రం తెచ్చింది. దిద్దేవాడి తీరిక కోసం నూరేళ్ళ కిందట పుట్టిన ఏర్పాటును తెర మీదికెక్కించి 'రేపటి చదువు' అని అమ్ముతున్నారు.

ఇంటి దగ్గర చేసిన అసైన్‌మెంటును ఎంత నమ్మవచ్చో తెలిసినవాళ్ళు లేకపోలేదు. ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ సర్టిఫికెట్ కోర్సుల్లో వారం వారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75. ఆ పంపకంలోనే అసలు సంగతి ఉంది. 'మూడో వారం అసైన్‌మెంటు జవాబులు' అని యూట్యూబ్‌లో కొట్టి చూడండి, మిగతాది మీకే అర్థమవుతుంది. 2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చాక ఆ వెతుకులాట కూడా తప్పింది. పైగా 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో 40 శాతం దాకా కోర్సులు ఇలాంటివి నడిచే ప్రభుత్వ వేదిక 'స్వయం' ద్వారా చేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. ఇక ఇది సరదాగా చేసుకునే చదువు కాదు, డిగ్రీలో భాగం.

సిసలైన పరీక్ష ఎలా ఉంటుందో చూడ్డానికి ఇప్పుడు ఐటీఐ వర్క్‌షాపుకు వెళ్దాం. ఫిట్టర్ ట్రేడు కుర్రాడికి రెండు ఇనుప ముక్కలిస్తారు. ఒకదాంట్లో చదరపు గాడి కొయ్యాలి, రెండోది అందులో సరిగ్గా కూర్చోవాలి. గీతలు గీసి, రంపంతో కోసి, ఆకురాయితో గంటలకొద్దీ రాసి, వెర్నియర్‌తో కొలిచి తెచ్చిస్తాడు. 0.04 మిల్లీమీటరుకు మించి తేడా రాకూడదు. మాస్టారు రెండూ కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తారు. సందులోంచి వెలుగు తొంగిచూసిందా, పని చెడినట్టే. తిప్పి పెట్టినా కూర్చోవాలి. అక్కడ కెమెరా లేదు, కళ్ళెటు తిరిగాయన్న లెక్క లేదు. పక్కవాణ్ణి అడిగితే అడగనీ, పుస్తకం తెరిస్తే తెరవనీ. ఆకురాయి పట్టాల్సింది మాత్రం వాడి చెయ్యే.

'వర్క్‌షాపు కబుర్లు బాగానే ఉన్నాయి గానీ, మా కోర్సులో పదివేలమంది ఉంటారు, దిద్దేదెవరు?' అని కోర్సు యజమానులు నిట్టూరుస్తారు. ఫీజు వసూలు చేసేటప్పుడు పదివేలమందీ విడివిడిగా కనబడతారు, దిద్దేటప్పుడే గుంపైపోతారు. పోనీ, నాలుగు జవాబుల పద్ధతే కావాలంటే దాన్నయినా సరిగ్గా వాడండి. ఈ ఊరి ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ నిర్వహించే గ్జాట్ ప్రవేశపరీక్షలో 'నిర్ణయాలు తీసుకోవడం' అని ఒక విభాగం ఉంటుంది. ఒక సంస్థలో వచ్చిన చిక్కు చెప్పి, ఇప్పుడేం చేస్తావని అడుగుతారు. అక్కడా జవాబులు ముందే రాసి ఉంటాయి, కానీ బట్టీ పట్టినవాడికి ఒక్కటీ ఉపయోగపడదు. కాబట్టి నేరం నాలుగు జవాబులది కాదు, ప్రశ్న తయారు చేసినవాడి బద్ధకానిది.

బద్ధకం వదిలించుకుంటే పని పెద్ద కష్టమేం కాదు. హెచ్‌ఆర్ కోర్సు పిల్లవాడికి ఇలా చెప్పండి: మీ బాబాయి జీతం చీటీ తీసుకో. ఆయన వాటాగా 12 శాతం ఏ మొత్తం మీద కోశారో చూపించు. యజమాని వాటాలోంచి పింఛనుకు పోయేది జీతంలో 8.33 శాతమైతే, బాబాయికంటే తక్కువ జీతమున్న కుర్రాడికీ బాబాయికీ నెలకు అదే 1,250 రూపాయలు ఎందుకొచ్చిందో ఆయనకే వివరించి ఐదు నిమిషాల రికార్డింగు పంపు. చివర్లో ఒక ప్రశ్న ఆయన అడుగుతాడు. పింఛనుకు లెక్కగట్టే జీతం 15,000 దగ్గర ఆగిపోతుందన్న సంగతి ఎక్కడైనా చదవవచ్చు, చాట్‌జీపీటీనీ అడగవచ్చు. కానీ 'అయితే నా మిగతా డబ్బు ఎటు పోయిందిరా?' అని బాబాయి కళ్ళద్దాలు సర్దుకుని నిలదీసినప్పుడు కాపీ కొట్టిన జవాబు నిలబడదు. పదివేల రికార్డింగులూ వినక్కర్లేదు. లాటరీ తీసి కొందరిని ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడుగుతామని ముందే చెప్పండి, ఎవరి వంతు వస్తుందో తెలియక అందరూ చదువుతారు.

అంతకంటే ముందు, పరీక్ష పెట్టేవాళ్ళకు ఒక పరీక్ష. మీ కోర్సు వీడియో ఒక్కటీ చూడని మనిషిని, చేతిలో ఫోన్‌తో సహా మీ క్విజ్ ముందు కూర్చోబెట్టండి. సాక్చీ బజారులో ఎవరు దొరికినా సరే. వాడు పాసయ్యాడా, మీరు ఫెయిలు. సర్టిఫికెట్ వాడికే ఇచ్చి, వసూలు చేసిన ఫీజులు పిల్లలకు తిరిగిచ్చేయండి. మీకు మాత్రం 'మళ్ళీ ప్రయత్నించండి' బటన్ ఉండదు.