బీడీకి తోడు బంగారు గోళీ

నిజాం రాజ్యం నుంచి వలసొచ్చి బొంబాయికి రోడ్లు వేసి, గోడలు కట్టిన కామాఠీల పేరే కామాటిపురాకు నిలిచింది. ఇక్కడి గల్లీల్లోనూ, మిల్లు కార్మికులుండిన వర్లీ చాళ్లలోనూ తెలుగువాళ్లకు బీడీ పాత చుట్టం. ఇప్పుడా చుట్టానికి తోడు వచ్చింది, బలానికని మింగే తాకత్ గోళీ.

దానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. ‘‘భయ్యా, బీడీ తాగుతా, ఛాతీకి మంచిగోళీ ఇయ్యి’’ అంటే చాలు. షాపాయన పట్టీని కత్తెరతో కత్తిరించి నాలుగు చేతిలో పెడతాడు. పైన ‘యాంటీఆక్సిడెంట్’ బంగారు రంగులో మెరుస్తుంది. కొన్నింటి వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ‘బీటా కెరోటిన్’ ఉంటుంది. పెద్దమనిషి గోళీ మింగి, గుమ్మం దిగకుండానే బీడీ ముట్టిస్తాడు. ఇక పొగా గోళీ లోపల తేల్చుకుంటాయి, మధ్యలో ఆయనకేం పని?

అవి ఎప్పుడో తేల్చుకున్నాయి, ఫిన్లాండ్‌లో. బీటా కెరోటిన్ క్యారెట్‌లో ఉండే సరుకే కదా, మేలే చేస్తుందని అక్కడి డాక్టర్లూ నమ్మారు. రోగి కోరిందీ, వైద్యుడు చెప్పిందీ అదే. 1985లో మొదలుపెట్టి 29,133 మంది పొగరాయుళ్ల మీద పరీక్షించారు. 1994లో లెక్క తీస్తే, రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! అమెరికావాళ్లు దానికి విటమిన్ ఏ కూడా కలిపి, పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్ కార్మికులు మొత్తం 18,314 మందిని చూశారు. అక్కడ 28 శాతం ఎక్కువ. భయపడి 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. పొగతో కొట్లాడమని పంపిన గోళీ వెళ్లి దాని పార్టీలోనే చేరింది.

మరో యాంటీఆక్సిడెంట్ విటమిన్ ఈ కూడా తక్కువేం తినలేదు. రోజుకు 400 యూనిట్లు మింగిన ఉత్తర అమెరికా మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది.

క్యారెట్ కూరకు ఈ నింద లేదు. గర్భిణులకిచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలదీ, రక్తపరీక్ష చూసి డాక్టరు రాసే బి12దీ వేరే సంగతి. ఇక్కడ గొడవంతా ఛాతీకి కాపలా పెట్టామనుకుని పొగ తాగే ధీమాతోనే.

‘‘అవన్నీ సిగరెట్ దేశాలు, మాది ఆకు బీడీ’’ అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఫిన్లాండ్ దాకా పోనక్కర్లేదు. 1991-97 మధ్య ముంబై నగరంలోనే 35 ఏళ్లు దాటిన లక్షా 48 వేల మంది వివరాలు తీసుకుని, తర్వాత ఎవరున్నారో, ఎవరు పోయారో చూశారు. పొగాకు ముట్టని మగవారికంటే సిగరెట్ తాగేవారికి చావు ముప్పు 37 శాతం ఎక్కువైతే, బీడీ తాగేవారికి 64 శాతం ఎక్కువ. ఆ ‘ఆకు’ సంగతి అదీ!

కాబట్టి గోళీ డబ్బులు జేబులోనే ఉంచుకుని ఒక ఫోన్ కొట్టండి. పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 నంబరు కట్ట మీదే అచ్చెయ్యాలని 2018 నుంచి రూలుంది. ఆ ఫోనుకు పైసా పడదు.