మంజూరు కాని పదవిలోని అధికారిగారికి

మహారాజశ్రీ స్థానిక సంస్థల దీపనిర్వాపణాధికారిగారి సముఖమునకు, బాన్సువాడ పురవాసియు, ఆస్తిపన్ను చెల్లించువారిలో నొకడును అగు విధేయుడు చేసికొను బహిరంగ విన్నపము.

అయ్యా,

తమ పదవి యింతవఱకు ఏ ప్రభుత్వోత్తర్వునందును సృష్టింపబడలేదని నే నెఱుగుదును. పన్ను వసూలునకు బిల్లు కలెక్టరు కలడు. చెత్త యెత్తించుటకు శానిటరీ ఇన్‌స్పెక్టరు కలడు. కట్టడములకు అనుమతు లిచ్చుటకు టౌన్ ప్లానింగువారు కలరు. 2019 నాటి తెలంగాణ పురపాలక సంఘముల చట్టము బడ్జెటులో పదియవ వంతును హరితనిధిగా తీసిపెట్టు మన్నది గావున మొక్కలకు సైతము దిక్కుగా ఎవరో యొకరున్నారు. కాని సాయంకాలము ఐదు గంటలకు గది విడిచి పోవునపుడు పంకా నాపి, బుగ్గ నార్పి, తలుపు మూయవలసిన మనుష్యుడు ఎవడో ఈ పరిపాలనాక్రమమున నెచ్చటను నిర్దేశింపబడినట్లు కానరాదు. వెలుగుచున్న దీపము నార్పుట అశుభమని తలచి, ఆరినదని పలుకుటకైనను నోరాడక కొండెక్కిన దనెడి ఇల్లాండ్ర భక్తి, కాలక్రమమున కచేరీల ట్యూబులైట్లకు గూడ సంక్రమించినదేమో యని నాకు తోచుచుండును. కారణ మేదైనను, లేని యధికారికి వ్రాయుటలో నొక సౌలభ్యము కలదు: ఉన్న యధికారుల కెవ్వరికిని కోపము రాదు.

మా యూరి సంగతి కొంచెము మనవి చేయవలెను. 2016 వఱకు నిజామాబాదు జిల్లాలోను, పిమ్మట కామారెడ్డి జిల్లాలోను ఉన్న బాన్సువాడ, 2018లో పంచాయతీ హోదా వీడి పురపాలక సంఘమైనది. మా ప్రాంతమునకు అన్నము పెట్టునది నిజాంసాగరము. 1923లో మొదలిడి 1931 నాటికి మంజీరానదిపై నవాబు అలీ నవాజ్ జంగు కట్టించిన ఆ జలాశయమునుండి వెడలు కాలువమీద నొక చిన్న జలవిద్యుత్కేంద్రము కలదు. దాని శక్తి 10 మెగావాట్లు. అదియు కాలువకు నీరు వదలిన దినములలోనే తిరుగును. ఇక ఆ నీటి విషయమున మా జనము ఎంతటి లెక్కగాండ్రో తామెఱుగుదురా? తూముకాడ వారబందీ ప్రకారము తన వంతు ముగిసిన పిదప పై రైతు మఱి కొంతసేపు మడికి నీరు పాఱించుకొన్నచో, కాలువగట్టుమీదనే పంచాయితీ కూర్చుండును. పాత కక్షలన్నియు పైకి వచ్చును. పెద్దమనుషులు దిగివచ్చి సర్దిచెప్పినగాని ఆ గొడవ చల్లాఱదు. అట్టి జనమే, తాము కట్టిన పన్నుతో కొన్న విద్యుత్తు నట్టనడి మధ్యాహ్నము ఖాళీ కుర్చీల నెత్తిమీద గాలి విసరుచుండగా ఏ పనికో వచ్చి, చూచి, పల్లెత్తు మాటయైన ననక మరలిపోవుదురు. మడికి పాఱు నీరు ఎవరిదో అందఱకును తెలియును. గోడలోని తీగవెంట పాఱునది ఎవరిదో ఎవరికిని తెలియదు. నా విన్నపమునకు మూలమంతయు నిదియే.

పేరు చెప్పను గాని, ఒకానొక స్థానిక కార్యాలయమునకు ఇంటిపత్రములలో పేరు మార్పించుకొను పనిమీద పోయి, చాలసేపు బల్లమీద కూర్చుండవలసి వచ్చినది. పని లేనివాని కన్ను ఊరకుండదు గదా! ఆ గదికి ఉత్తరముగా నొక పెద్ద కిటికీ కలదు. ఉత్తరపు వెలుతురు చాలవఱకు ఎండ తగులని వెలుతురు. వ్రాతపనికి అంతకంటె మంచిది దొరకదు. ఆ కిటికీకి అడ్డముగా ఒక ఇనుప బీరువా నిలువబెట్టి, బీరువాపైన ఎఱ్ఱగుడ్డ మూటలలో దస్త్రములను కప్పు తాకునంతవఱకు పేర్చియుంచిరి. వెలుతురును దస్త్రములు మ్రింగుటచే గదిలో చీకటి; చీకటిచే నాలుగు ట్యూబులైట్లు. అవియు పాతకాలపువి. లైటు నలుబది వాట్లదే యైనను, జుమ్మని రొద చేయు దాని ఇనుప చోకు మఱికొన్ని వాట్లను వేడిగా మార్చి గాలిలో కలుపుట వలన ఒక్కొక్కటి యాబదికి మించి త్రాగును. అదే వెలుతురునకు నేటి ఎల్ఇడి గొట్టము ఇరువది వాట్లతో సరిపుచ్చుకొనును. పంకాకు ప్రక్కన గోడమీద నున్నది ఆ పూర్వపు డబ్బా రెగ్యులేటరు: వేగము తగ్గించినపుడు కరెంటు మిగిలినదని మనము భ్రమపడుదుము గాని, ఆ మిగులులో చాలభాగము డబ్బాలోనే కాగి పోవును. ముట్టి చూచితిని, వెచ్చగానే యున్నది.

ప్రక్కగది అధికారిగారిది. వారు క్యాంపునకు పోయిరి. ఏసీ పదునెనిమిది డిగ్రీలపై నడచుచున్నది. తలుపు మూతపడకుండ ఒక స్టూలు అడ్డము పెట్టబడినది. ఆ చల్లదనము వరండాలోని కుక్కకు గూడ అందుచున్నందున దీనిని కేవలము వ్యర్థమని నేననజాలను. అటెండరు నడిగితిని: అయ్యగారు లేరు గదా, ఇదెందుకని. ఆయన నన్ను జాలిగా చూచి, "సారు ఎప్పుడొస్తడో తెల్వదు. వచ్చేటాలకు గది సల్లగుండాలె గద!" అనెను. ఆయనను నేను తప్పుపట్టను. గది వేడిగా నున్నచో తిట్లు తినవలసినవాడు ఆయన; బిల్లు ఎక్కువైనచో ఆయనకు చెప్పువాడును లేడు, ఆయన నడుగువాడును లేడు. ఇట్టి ఏర్పాటున ఏ బుద్ధిమంతుడైనను ఏసీనే నడుపును.

బిల్లు ఏమగునో కూడ విచారించితిని. మీటరు మెట్లక్రింద చీకటిలో నుండును. నెలకొకమారు ఉత్తర తెలంగాణపు విద్యుత్పంపిణీ సంస్థవారి మనుష్యుడు వచ్చి యంకెలు చూచుకొని కాగితము తీసి యిచ్చును. ఆ కాగితముపై సర్వీసు నంబరుండును గాని, ఏ గది యెంత వాడెనో యుండదు. అది లెక్కల విభాగమునకు పోవును. అచ్చట ఇతర నంబర్ల కాగితములతో కలిసి యొక్క మొత్తమగును. నిధులున్నచో చెల్లును, లేనిచో బకాయి యగును. ఆ బకాయిలు పెరిగి పెరిగి ఎంతవఱకు పోవునో ఇరుగు రాష్ట్రము చూపినది: ఆంధ్రప్రదేశమున గ్రామపంచాయతీలకు వచ్చిన ఆర్థిక సంఘపు నిధులను విద్యుత్తు బకాయిల క్రింద పైనుండియే జమకట్టుకొనగా, తమ ఖాతాలు ఖాళీ యైనవని సర్పంచులు ఆందోళనకు దిగిరి. వాడిన చెయ్యి యొకటి, కట్టిన చెయ్యి యొకటి, కోసికొన్న చెయ్యి మఱియొకటి.

యంత్రములు మార్చినంత మాత్రమున ఈ చేతులు కలియునని నమ్ముటకు వీలులేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణపు వీథిదీపములను నేలకూల్చిన పిదప, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు నాలుగు కలిసి 2009లో స్థాపించిన ఈఈఎస్ఎల్ అను సంస్థ అచ్చట 90,000కు పైగా ఎల్ఇడి దీపములను బిగించెను. పద్ధతి ముచ్చటైనది: పెట్టుబడి సంస్థది, పురపాలకులు బిల్లులో మిగిలిన సొమ్మునుండియే ఏడాదికింత చొప్పున తీర్పవలెను. 2015 జనవరిలో దీనిని దేశవ్యాప్త మొనర్చిరి. దీపములు వెలిగినవి, యూనిట్లు తగ్గినవి, బిల్లును తగ్గినది. ఐనను తగ్గిన సొమ్మునుండి ఈయవలసిన వాయిదాలను ఎన్నియో స్థానిక సంస్థలు ఎగవేయుటచే ఆ సంస్థకు రావలసిన బాకీలు కొండలైనవి. పొదుపు చేసినవాడే అప్పులపాలగు వింత ఇంకెచ్చట చూతుము?

మా పల్లెలలో మఱియొక ముచ్చట కలదు. చాలకాలము వీథిదీపములు రాత్రింబవళ్లు వెలుగుచుండెడివి. సోమరితనమని నిందింతుము గాని, అసలు కారణము స్తంభముమీద నుండెను: ఇండ్లకు పోవు తీగనుండియే దీపమునకును కరెంటు తీయుటచే, దీప మార్పవలెనన్నచో ఊరంతయు చీకటి చేయవలసి వచ్చెడిది. 2019 సెప్టెంబరులో మా రాష్ట్రప్రభుత్వము పల్లెలకై ప్రారంభించిన ముప్పది దినముల కార్యాచరణమున విద్యుత్తు పనులకై యొక వారము కేటాయించి, దీపములకు వేఱుగా మూడవ తీగను లాగి, స్విచ్చి పెట్టించుటకు పూనుకొన్నప్పుడు గాని ఈ రహస్యము చాలమందికి తెలియలేదు. థర్డ్ వైరు అను మాట సర్పంచుల నోట నానినది నాటినుండియే. ఆర్పుటకు సాధనమే లేనిచోట ఆర్పమని ఉపన్యసించుట యెంత పనికిమాలినదో తమకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఉపన్యాసమనగా జ్ఞాపకము వచ్చినది. ఏటేట డిసెంబరు 14వ తేదీ జాతీయ ఇంధన పరిరక్షణ దినము. ఆ దినమున బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు, చిత్రలేఖనములు, ఊరేగింపులు జరుగును. పగటిపూట దీపములన్నియు వెలిగించిన హాలులో, ఎల్ఇడి వాడుకొమ్మని వ్రాసిన ఫ్లెక్సీ క్రింద, శాలువాలు కప్పుదురు. ఇంధన పరిరక్షణ చట్టము 2001 నాటిది; దానిననుసరించి ఇంధన సామర్థ్య సంస్థ 2002 మార్చి మొదటి తేదీన పుట్టినది. పాతికేండ్ల ప్రాయమునకు దగ్గఱైన యీ చట్టము బీరువా వెనుక కిటికీవఱకు ఇంకను రాలేదు.

ఏలినవారే ఈ పనికి పూనుకొన్న దేశములు లేకపోలేదు. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సను 1960 దశకమున తన శ్వేతసౌధమున రాత్రివేళ గదిగదికి పోయి వట్టిగదుల దీపములార్పుచుండెడివాడు. పత్రికలు పరిహసించినను మానలేదు. జపానులో 2005 వేసవినుండి కచేరీల ఏసీలను 28 డిగ్రీలపై నిలిపి, ఉద్యోగులను కోటును, మెడకట్టును వదలి రమ్మనిరి; ప్రధానమంత్రియే మెడకట్టు లేక కనబడుటచే తక్కినవారికి సిగ్గు తీరినది. మనయొద్ద 2020 జనవరినుండి స్టారు గుర్తుగల గది ఏసీలు పెట్టె విప్పగానే 24 డిగ్రీలపై నిలిచియుండవలెనని నియమమున్నది. ఒక్కొక్క డిగ్రీ పెంచినచో ఇంచుమించు నూటికి ఆఱువంతుల కరెంటు మిగులునని ఆ ఇంధన సామర్థ్య సంస్థవారే చెప్పుదురు. కాని రిమోటు చేతనున్నవాడు మొదట చేయు పని ఆ అంకెను పదునెనిమిదికి దింపుట.

తాము చార్జి పుచ్చుకొన్న దినమున సౌరఫలకముల వర్తకులు ద్వారముకడ నిలిచియుందురు గావున, వారి విషయమొకటి మనవి చేయుదును. నేను సూర్యునికి విరోధిని గాను. మా మార్చి ఎండ వృథాగా పోవుట నాకును కష్టముగనే యున్నది. అయినను ఒక కిలోవాటు ఫలకములు దినమునకు ఇంచుమించు 4 యూనిట్లిచ్చును. టన్నున్నర ఏసీ యెడతెగక నడచినచో గంటకు యూనిటున్నర దాక లాగును. కచేరివేళ లన్నియు తలుపు తెఱచి నడపు ఒక్క ఏసీ నోటికే మిద్దెమీది ఫలకములలో మూడు కిలోవాట్లు ఆహుతి యగును. కావున ముందు క్రింది తలుపు మూయించి, ఆ తరువాత మిద్దె యెక్కవలెనని నా అభిప్రాయము.

పంకాల లెక్క యింతకంటె సులువు. పాత పంకా 75 వాట్లు. కొత్తగా వచ్చు బిఎల్‌డిసి పంకా 30 వాట్లకు కొంచెము అటునిటు. దినమునకు పది గంటల చొప్పున ఏటికి మూడువందల దినములు తిరిగినచో మొదటిది 225 యూనిట్లు, రెండవది 90. యూనిటు పదిరూపాయలని లెక్కకు పెట్టుకొన్నను, పంకా యొక్కింటికి ఏటికి 1,350 రూపాయలు మిగులును. మూడువేలు పెట్టి కొన్న పంకా మూడవయేడు నిండకముందే తన వెల తాను తీర్చుకొనును. ఇంతటి మంచి బేరము నెదురుగా నుంచుకొని, పంకా పాడైనప్పుడెల్ల తక్కువ ధరకు వచ్చినదని మరల 75 వాట్లదానినే కొనుట మన కొటేషను పద్ధతి మహిమ.

అన్నిచోట్లను కోతపెట్టుడని నేను కోరుటలేదు. మా మాతాశిశు ఆసుపత్రిలో బాలింత తలపై తిరుగు పంకాను ఎవరైనను లెక్కగట్టినచో వారితో మొదట పోట్లాడువాడను నేనే. బస్టాండుకడ రాత్రి దీపమును అట్టిదే. తాగునీటి మోటార్ల సంగతి వేఱు: అచ్చటి వ్యయము గదులలోని దీపపంకాల వ్యయముకంటె పెద్దది, పాతబడిన పంపు, కాలిపోయిన కెపాసిటరు, భూమిలో కాఱుచున్న గొట్టము కలిసి త్రాగు కరెంటు ఏ అధికారిగారి ఏసీయు త్రాగలేదు. కాని ఆ కాఱు గొట్టము కంటికి కనబడదు, శిలాఫలకము వేయుటకు పనికిరాదు.

ఇక తమ పదవి మంజూరగునెడల జీతభత్యములకంటె ముందు తాము పట్టుపట్టవలసినది సర్వీసు నంబర్ల పట్టిక. ఏ నంబరు ఏ కట్టడమునకు చెందినదో, ఏ మీటరు తిరుగుచున్నదో, ఏది కాలినదో, కూలగొట్టిన పాత కట్టడము పేర ఇంకను ఏ బిల్లు వచ్చుచున్నదో ఒక్క కాగితముమీద వ్రాయించుడు. అవసరముకంటె మించి తీసికొన్న కిలోవాట్ల లోడునకు నెలనెల కట్టు స్థిరచార్జీ, దీపమొక్కటి వెలుగకున్నను తప్పదు. దానిని తగ్గించుకొనుటకు ఒక్క దరఖాస్తు చాలును. పిమ్మట ప్రతినెల బిల్లును, క్రిందటి యేటి అదే నెల బిల్లుతో జంటగా, జనన మరణ ధ్రువపత్రములకై మేము నిలుచుండు కిటికీప్రక్కన అంటింపుడు. చదువుటకు మాకు కావలసినంత తీరిక అచ్చట దొరకును. కాలువగట్టుమీద పంచాయితీ పెట్టు మా నోరు ఆ కాగితము ముందు ఎంతకాలము మూసికొనియుండునో చూతము.

వేసవి వచ్చుచున్నది. కొత్త ఏసీలకు అంచనాలు తయారగు కాలమిది. ఆ అంచనాపై ఎవరును సంతకము చేయకముందే, ఆ ఉత్తరపు కిటికీకి అడ్డముగా నున్న బీరువాను ప్రక్కగోడకు జరిపించి, మూటలను రికార్డు గదికి పంపవలెనని మొదటి ఉత్తర్వు దయచేయ ప్రార్థన.

ఇట్లు,
విధేయుడు,
బాన్సువాడ పురవాసి

ప్రతి: మెట్లక్రింది మీటరునకు, సమాచారార్థము.