సిమెంటు ఓడ సొద

ఓడ అన్నాక ఒక్కసారైనా సరుకు మోయాలి, ఒక్క పరాయి రేవైనా చూడాలి. నేను రెండూ ఎరగను. పేరుకు చమురు ఓడను. మోసింది మాత్రం మొదట డ్యాన్సు చేసేవాళ్లను, తర్వాత గాలాలు వేసేవాళ్లను, ఇప్పుడు గూడబాతులను, నీటికాకులను. కాలిఫోర్నియాలో మాంటెరే అఖాతానికి ఉత్తరపు మూల, యాప్టోస్ ఊరి ఒడ్డున సీక్లిఫ్ బీచ్ ఉంది. దాని ముందు నడుం విరిగి, ఇసుకలో కూరుకుపోయి పడి ఉన్నది నేనే. కాగితాల్లో ఎస్.ఎస్. పాలో ఆల్టోను. ఊళ్లోవాళ్ల నోట సిమెంటు ఓడను.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఉక్కుకు కరువొచ్చి అమెరికావాళ్లు కాంక్రీటుతో ఓడలు పోయించారు. నన్ను ఓక్లండ్‌లో పోసి 1919 మే 29న నీళ్లలోకి దింపారు. యుద్ధం అంతకు ఆరు నెలల ముందే ముగిసింది. పని లేని ఓడను ఏం చేస్తారు? రేవులో ఓ మూల కట్టేసి పదేళ్లు మర్చిపోయారు. నా తర్వాత పుట్టిన చెల్లెలు పెరాల్టా నయం. అలాస్కా వెళ్లి చేపల్ని డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ అయింది. ఇప్పుడు కెనడాలో పావెల్ రివర్ దగ్గర అలలకు అడ్డుగోడగా ఉంటూ ఇంకా తేలుతూనే ఉంది. నాకు తేలే యోగం కూడా లేకపోయింది.

1929లో ఓ వినోదాల కంపెనీ నన్ను కొనుక్కుంది. మరుసటి జనవరిలో ఇక్కడికి ఈడ్చుకొచ్చి, అడుగున తూములు తెరిచి, కడుపులోకి నీళ్లు వదిలి కావాలనే ఇసుకలో కూర్చోబెట్టింది. ఒడ్డు నుంచి నా దాకా చెక్కవంతెన వేశారు. డెక్కు మీద డ్యాన్సు హాలు, భోజనశాల, వెనకవైపు తిరునాళ్ల ఆటల అంగళ్లు, వీటన్నిటితో పాటు 54 అడుగుల వేడినీటి ఈతకొలను కట్టారు. చుట్టూ ఇంత సముద్రం పెట్టుకుని ఓడ మీద నీళ్లు కాచుకుని ఈదడమేమిటని నవ్వుకునేదాన్ని. కారణం తెలియక కాదు. ఈ సముద్రంలో దిగితే మనిషికి పళ్లు టకటకలాడతాయి.

ఆ వైభవం రెండు సీజన్లు. ఆర్థిక మాంద్యంలో కంపెనీ దివాలా తీసింది. 1932 చలికాలపు తుఫాను నా నడుం విరిచింది. తర్వాత వచ్చినవాళ్లు బాగుచేయడానికి రాలేదు, విప్పడానికి వీలైనవన్నీ విప్పుకుపోయారు. 1936లో ఒక్క డాలరుకు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వెళ్లాను. నా వెల ఎంతో నాకు తెలిసింది అప్పుడే.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు నేను చేపలు పట్టే రేవును. తాతలు గాలాలు వేశారు, వాళ్ల మనవలు వచ్చి అదే చోట గాలాలు వేశారు. అదొక్కటే నా జీవితంలో ఎవరికైనా అక్కరకొచ్చిన కాలం. పగుళ్లు పెరిగాక అదీ పోయింది. నా మీదికి ఎవరూ రాకుండా కంచె కట్టారు. జనం వంతెన చివరి దాకా నడిచొచ్చి, కంచె అవతలినుంచి నన్ను ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. లోపలి ట్యాంకుల్లో ఎప్పటిదో ఇంధనం మిగిలిపోయి ఉంది. దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు. అది పగుళ్లలోంచి కారి పక్షుల రెక్కలకు అంటుకుంది. చమురు ఓడగా ఒక్క పీపా సరుకు మోయనిదాన్ని, ఆ చావులు మాత్రం నా ఖాతాలో పడ్డాయి. 2006లో వచ్చి శుభ్రం చేశారు. 2017 జనవరి తుఫానులో వెనకభాగం తెగిపోయింది. 2023 జనవరిలో వరుస తుఫాన్లకు చెక్కవంతెన విరిగింది. ఆ ఏడాదే మిగిలిన స్తంభాలను కూడా పీకేశారు. దాంతో ఒడ్డుకూ నాకూ ఉన్న చుట్టరికం తెగిపోయింది.

ఇంత సొద విన్నారు కాబట్టి ఒక గొప్ప కూడా చెప్పుకోనివ్వండి. 1930 నుంచి నేను ఉన్నచోటే ఉన్నాను. కొలతకర్రకు కావలసిన గుణం అదొక్కటే. నా పక్కన నీరు మారిందంటే మారింది నీరే. నేను జరిగానన్న అనుమానం ఎవరికీ అక్కర్లేదు.

ఈ తీరం చలి ఊరికే పుట్టింది కాదు. వసంతం రాగానే వాయవ్యం నుంచి ఒడ్డు వెంబడి గాలి మొదలవుతుంది. ఆ గాలికి భూభ్రమణం తోడై పైనున్న నీరు ఒడ్డు విడిచి నడిసముద్రం వైపు జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీరు ఎగదన్నుకొస్తుంది. అడుగున పేరుకున్న పోషకాలూ దాంతోనే పైకొస్తాయి. వాటితో కంటికి కనపడని నాచు, ఆ నాచుతో సన్నటి ప్రాణులు, వాటితో నెత్తళ్లు, నెత్తళ్లతో సాల్మన్ చేపలు, పక్షులు, సీళ్లు బతుకుతాయి. ఇక్కడి సంపద అంతా చలి పెట్టిన భిక్షే.

నేనున్న మూల సంగతి కాస్త వేరు. శాంటా క్రూజ్ కొండలు గాలికి అడ్డంగా నిలబడతాయి. అందువల్ల ఇక్కడ నీరు కొట్టుకుపోకుండా నిలిచి ఎండకు వెచ్చబడుతుంది. బయటి తీరం గడ్డకట్టించే రోజుల్లో కూడా నా చుట్టూ కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఎనభై ఏళ్లకు పైగా అదో విశేషమని నాకు తోచలేదు. 2014 వేసవిలో తోచింది.

ఆ వేసవిలో నా పక్కన, పిల్లలు ఆడుకునేంత లోతులేని నీళ్లలో, తెల్ల సొర పిల్లలు కనిపించాయి. పెద్ద తెల్ల సొరలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. శరత్కాలంలో సీళ్ల కోసం ఇక్కడికి ఉత్తరాన ఉన్న ఆన్యో నుయెవో దగ్గరికి, ఫారలాన్ దీవులకు వచ్చిపోతూ ఉంటాయి. వాటి పిల్లలు మాత్రం దక్షిణ కాలిఫోర్నియా నుంచి మెక్సికోలోని బాహా తీరం దాకా ఉన్న గోరువెచ్చని నీళ్లలోనే పెరిగేవి. 2004లో ఒక సొర పిల్లను జనానికి చూపించాలని మాంటెరే బే అక్వేరియం వాళ్లు దాన్ని దక్షిణాన సంపాదించి, నీళ్ల ట్యాంకులో పెట్టి లారీ మీద తీసుకొచ్చారు. 198 రోజులు ఉంచి సముద్రంలో వదిలారు. జనం టికెట్లు కొని మరీ చూశారు. పదేళ్లు తిరిగేసరికి లారీ అక్కర్లేకుండా అవే ఈదుకుంటూ వచ్చేశాయి.

ఎందుకు రాగలిగాయో చెబుతాను. చాలా చేపల ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడే. తెల్ల సొర అలా కాదు, కండరాల్లో పుట్టిన వేడిని కొంత ఒంట్లోనే నిలుపుకుంటుంది. అయితే పిల్లకు ఆ శక్తి చాలదు. గంగాళంలో కాగిన నీళ్లు తెల్లారేదాకా వెచ్చగా ఉంటాయి, గ్లాసులో పోసినవి మాట్లాడుతుండగానే చల్లారతాయి. నాలుగైదు అడుగుల పిల్లకూ పదిహేను అడుగుల తల్లికీ తేడా అదే. అందుకే దాదాపు 14 డిగ్రీల సెల్సియస్ దిగువకు నీరు చల్లబడితే పిల్లలు అక్కడ ఎక్కువసేపు నిలవవు. దక్షిణానికీ నాకూ మధ్య ఉన్న చల్లటి తీరమే ఇన్నాళ్లూ వాటికి తలుపు.

ఆ తలుపు 2014లో తెరుచుకుంది. అంతకు ముందటి చలికాలంలో అలాస్కా గల్ఫ్ మీద అధిక పీడనం కదలకుండా తిష్ఠ వేసింది. గాలులు నీరసించాయి. చలికాలంలో సముద్రం వదులుకోవలసిన వేడిని వదులుకోలేకపోయింది. అలా పోగైన వేడినీటి పట్టుకు శాస్త్రవేత్తలు బ్లాబ్ అని పేరు పెట్టారు. అది 2014లో ఈ ఒడ్డును చేరింది. తర్వాత పసిఫిక్ నీటిని వేడెక్కించే ఎల్ నీన్యో వచ్చి కలిసింది. 2016 దాకా వదల్లేదు. మనుషులు బొగ్గు, చమురు మండించి గాలిలోకి వదిలిన వాయువులు పట్టి ఉంచిన అదనపు వేడిలో తొంభై శాతానికి పైగా మింగుతున్నది సముద్రమే. అలా ముందే వెచ్చబడి ఉన్న నీటి మీద ఈ వడగాలి లాంటిది వచ్చి పడింది. ఒకప్పుడు నా డెక్కు మీద డబ్బు పోసి కాచిన నీళ్లు గుర్తొచ్చాయి. ఈసారి మంట నా కింద కాదు, సముద్రమంతటి కింద పెట్టారు.

సొరల ప్రయాణాన్ని పట్టిచ్చినవి వాటికి తగిలించిన ట్యాగులు. 14 సొరల ట్యాగులు ఇచ్చిన 2.2 కోట్ల నమోదులను 38 ఏళ్ల సముద్ర ఉష్ణోగ్రతలతో కలిపి చూసిన పరిశోధన 2021లో వెలువడింది. 1982 నుంచి 2013 దాకా పిల్ల సొరలకు అనువైన నీటి ఉత్తరపు హద్దు శాంటా బార్బరా దగ్గర, 34 డిగ్రీల అక్షాంశం. వేడి వచ్చాక అది బొడేగా బే దగ్గరికి, 38.5 డిగ్రీలకు జరిగింది. అంటే సుమారు 500 కిలోమీటర్లు. నేను ఆ రెంటికీ మధ్యలో ఉన్నాను. పాపం, కొన్ని ట్యాగులు గడువు తీరాక ఊడి నీటి మీద తేలతాయి, ఎక్కడో ఒడ్డున పడతాయి. పని అయిపోయిన వస్తువు గతి ఏమిటో నన్నడగండి.

శని, ఆదివారాల్లో శాన్ హోసే వైపు నుంచి కొండదారి దాటి జనం వస్తారు. అక్కడి ఉద్యోగాల్లో మన తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు కదా, ఈ ఒడ్డున ఆ మాటలూ వినిపిస్తాయి.

“ఏమండీ, చంటాణ్ణి నీళ్లలోకి తీసుకెళ్లకండి. ఇక్కడ సొరలు ఎక్కువైపోయాయట.”

“ఇన్ని ఎక్కడినుంచి పుట్టుకొచ్చాయే?”

పుట్టుకురాలేదు నాయనా. ఆడ తెల్ల సొర తల్లి కావడానికే దశాబ్దాలు పడుతుంది, కాన్పుకు పుట్టేవీ కొద్దే. 1994 నుంచి కాలిఫోర్నియాలో దాని వేట నిషేధం. అదే కాలంలో దక్షిణాన ఒడ్డు దగ్గర గిల్ నెట్లు అనే వలలు వేయడమూ ఆగింది. అందువల్ల ఆ జాతి మెల్లగా తేరుకుంటున్న మాట నిజం. కానీ మెల్లగా పెరిగేది ఒక్క వేసవిలో ఓ అఖాతపు మూలను నింపలేదు. ఉన్నట్టుండి ఒకచోట నిండుగా కనిపించాయంటే చోటు మారాయని అర్థం. అమెరికా తూర్పు తీరంలోనూ ఇదే కథ. నార్త్ కరోలైనాలో పామ్లికో సౌండ్ అనే ఉప్పుటేరుల ప్రాంతం ఉంది. వేసవి మొదట్లోనే అక్కడి నీరు వేడెక్కుతున్నకొద్దీ బుల్ సొరల పిల్లలు పెరగసాగాయి. ఒక ఒడ్డున నిలబడి లెక్కపెడితే సొరలు పెరిగాయనో తరిగాయనో అనిపిస్తుంది. తీరం పొడవునా లెక్కపెడితేగానీ నిజం తేలదు.

భయపడవద్దని నేననను. 2020 మేలో ఇక్కడికి కొద్ది మైళ్ల దూరంలో మాన్‌రెసా దగ్గర సర్ఫింగ్ చేస్తున్న ఒకతను సొర కాటుకు చనిపోయాడు. ఆ ఇంటివాళ్ల దుఃఖానికి ఏ లెక్కా జవాబు కాదు. అయితే దక్షిణ కాలిఫోర్నియాలో పిల్ల సొరలు గుమిగూడే రెండు బీచ్‌ల మీద డ్రోన్లు ఎగరేసి చూస్తే, 97 శాతం రోజుల్లో అవీ మనుషులూ ఒకే నీళ్లలో ఉన్నారు. మనుషులకు ఆ సంగతే తెలియదు. అవి పట్టించుకోలేదు. వాటి కళ్లు ఇసుకలో దాగిన టేకు చేపల మీద ఉంటాయి.

నిజానికి సొరల మీద నాకు ఈర్ష్య తప్ప కోపం లేదు. నీరు మారితే వాటికి తోక ఉంది, వెళ్లగలవు. వెళ్లలేనివాళ్ల గతి ఆ మూడేళ్లలో చూశాను. మేత దొరక్క మర్ అనే సముద్రపక్షులు లక్షల్లో చచ్చాయి, వాటిలో కొన్ని ఒడ్డుల మీద పడ్డాయి. సముద్రసింహాల పిల్లలు ఎముకల గూళ్లయి తేలాయి. విషపు నాచు పెరిగి 2015లో పీతల వేట మొదలవకుండానే ఆగిపోయింది, పడవలు రేవుల్లో కట్టేసి ఉండిపోయాయి. ఉత్తర కాలిఫోర్నియాలో కెల్ప్ అనే పెద్ద నాచు వనాలు తొంభై శాతానికి పైగా పోయాయి. నీటికుక్కలు ఈ ఒడ్డునే అంటిపెట్టుకుని బతుకుతాయి. ఈడుకొస్తున్న సొరలు వాటిని కొరికి, కొవ్వు లేదని వదిలేస్తాయి. తినకపోయినా చచ్చేది చస్తుంది.

బ్లాబ్ 2016లో వెళ్లిపోయింది. సొర పిల్లలు వెళ్లలేదు. వేసవి రాగానే ఈ వెచ్చని మూలకు వస్తూనే ఉన్నాయి. వాటి వల్ల నాకు మళ్లీ ఆదరణ దొరికింది. ఒకప్పుడు విప్పుకుపోయినవాళ్లు, కంచె కట్టినవాళ్లు, ఒక్క డాలరు పెట్టినవాళ్లు పోయారు. ఇప్పుడు డ్రోన్లు పట్టుకుని వచ్చినవాళ్లు ‘సిమెంటు ఓడకు ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి’ అని నన్ను గుర్తుగా పెట్టుకుని సొరల్ని చూపించుకుంటున్నారు. ఈ వయసులో వచ్చిన ఉద్యోగం, కాదనను. కాకపోతే ఒక్క కోరిక. సొరలున్నాయి జాగ్రత్త అని ఒడ్డున బోర్డు పెట్టినప్పుడు, దాని కింద ఈరోజు నీటి వేడి ఎంతో, నేనిక్కడికొచ్చిన కొత్తలో ఎంత ఉండేదో కూడా రాయండి. ఎవరు ఎవరి ఇంట్లోకి ఎందుకొచ్చారో చదివినవాళ్లే తేల్చుకుంటారు.